మూడొందల మీటర్ల వెలుగు

మా ఆయన మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. పరీక్ష పెట్టకుండా దేన్నీ ఇంట్లోకి రానివ్వరు. నాచారం పారిశ్రామికవాడలో ఒక పంపుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తారు కదా, ఆ అలవాటును ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలిరారు. పుచ్చకాయను నాలుగు వైపులా కొట్టి, చెవి పెట్టి విన్న తర్వాతే కొయ్యనిస్తారు. కొత్త కుక్కరు కొంటే దాని మూత సబ్బునీళ్లలో మునిగి, బుడగలు రావని రుజువు చేసుకున్నాకే పొయ్యి ఎక్కింది. పెళ్లిచూపుల్లో నన్ను ఏ పరీక్షా పెట్టలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అప్పటికింకా ట్రైనింగులో ఉన్నారట.

ఇంత ప్రతిభ ఇంట్లోనే వృథా అవుతోందే అని నేను బాధపడుతుండగా దేశం ఆయన్ని గుర్తించింది. దేశం అంటే మా వార్డు కార్పొరేటరు గండయ్య గారు.

సకలజనుల సమ్మె అయిన మరుసటి ఎండాకాలం అది. కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి పోతుండేది. వచ్చినా, మా గల్లీ మలుపులో స్తంభం మీది లైటు మాత్రం ఉగాది నుంచి వెలగడం మానేసింది. సరిగ్గా ఆ స్తంభం కిందే మురుగుకాలువ. పూడిక తీయడానికి మున్సిపాలిటీ వాళ్లు పైనున్న బండ ఎత్తుకుపోయారు. తీసిన పూడికను గట్టు మీద పోశారు. అది వానకు మళ్లీ కాలువలోకే జారింది. బండ మాత్రం తిరిగి రాలేదు.

మా అత్తమ్మ శ్యామలమ్మకు డెబ్బై దాటాయి. గల్లీ అవతల సక్కుబాయి అని ఆమె ప్రాణస్నేహితురాలు ఉంది. సక్కుబాయి పగలంతా ఉప్పల్లో ఒక హాస్టల్లో వంట చేసి పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. అప్పుడు మా అత్తమ్మ ఆ మలుపు దాటి పోయి, వాళ్ల అరుగు మీద కూర్చుంటుంది. ఇద్దరూ వక్క నములుతూ కాలనీలో ఎవరి కోడలు ఎట్లాంటిదో తేల్చుకుంటారు. ఏళ్లుగా ఇదే వాళ్లకు సినిమా, ఇదే వాళ్లకు దవాఖానా. లైటు పోయిన వారంలోనే అత్తమ్మ చెప్పు ఒకటి కాలువలో పడింది. కాలు పోవాల్సింది, చెప్పుతో సరిపోయింది. ఆనాటి నుంచి ఆమె సాయంత్రాలు ఇంట్లోనే గడుస్తున్నాయి. ఇంట్లో అంటే నా వంటింట్లో, స్టూలు మీద.

"చింతపండు గట్ల పిసుకుతరా ఉమా," అంటుంది. నేను ఎట్లా పిసికినా అంటుంది.

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఫ్లడ్‌లైట్ల వెలుగు ఆకాశానికి కొట్టి, మా గల్లీలో కూడా కాలువ ఏదో దారి ఏదో కాస్త తెలిసేది. అందుకని క్రికెట్ అంటే ఏమిటో తెలియని మా అత్తమ్మ రోజూ మధ్యాహ్నం పేపరు తెచ్చి నా ముందు పెట్టేది.

"ఇయ్యాల ఉప్పల్ల ఆట ఉన్నదా, జర సూడు."

లేదని చెబితే ముఖం వేలాడేసుకుని స్టూలు ఎక్కేది.

ఈ సంగతి గండయ్య గారి దృష్టికి తీసుకుపోయాం. ఆయన దృష్టి చాలా విశాలమైనది. మా గల్లీ అందులో ఏ మూలనో ఉండే ఉంటుంది. ఎందుకంటే ఆ ఆదివారమే కమ్యూనిటీ హాల్లో సభ పెట్టించి, జనరేటరు తెప్పించి, మైకు పట్టుకున్నారు.

"లైటు పోతే లైటు పెట్టుడు ఎవడన్న జేస్తడు. అండ్ల నాయకత్వం ఏమున్నది? స్తంభం ఒక్కతాననే నిలబడ్తది. మనిషి తిరుగుతడు. గందుకే నేనొక విజన్‌తోని మీ ముందుకొచ్చిన. ఇగ నుంచి స్తంభానికి లైటు కాదు, మనిషికి లైటు."

అందరం చప్పట్లు కొట్టాం. జనరేటరు మోతలో వినపడలేదు, అయినా కొట్టాం.

గండయ్య గారి కుడిభుజం దుర్గేష్, ఎప్పుడూ రెండు చేతుల్లో రెండు ఫోన్లతో ఉండే మనిషి, ఫోన్లు బల్ల మీద పెట్టి ఒక మఖమల్ పెట్టె తెరిచాడు. లోపల అరచేతిలో ఇమిడే నల్లటి టార్చి. మూతి చుట్టూ రంపపు పళ్లలాంటి అంచు.

"దీని పేరు టాక్టికల్ ఫ్లాష్‌లైట్," అన్నాడు. "మూడొందల మీటర్లు కొడ్తది. ఇంట్ల పనికొస్తది, బయటా పనికొస్తది."

"టాక్టికల్ అంటే ఏందన్నా?" వెనక నుంచి ఎవరో అడిగారు.

దుర్గేష్ ఆలోచించాడు. "ఎదుటోనికి తెల్వకుంట వాడేది."

"లైటు ఏస్తే తెలుస్తది గదా."

"గందుకే మస్తు ట్రైనింగ్ గావాలె."

ఇంటింటికీ ఒక టార్చి. కానీ పారదర్శకత ముఖ్యం కాబట్టి, ముందుగా నిపుణుల కమిటీ దాన్ని అన్ని విధాలా పరీక్షించాలి. కన్వీనరుగా మా ఆయన దయాకర్ గారి పేరు చదివారు. సభ్యులుగా టెలిఫోన్స్‌లో రిటైరైన చిదంబరం గారు, దుర్గేష్.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన నడకే మారిపోయింది. మలుపు దగ్గర నేను చెయ్యి పట్టి పక్కకు లాగకపోతే ఇంకా మారిపోయేది.

మొదటి దశ నిత్యజీవిత వినియోగం. అంటే మా ఇల్లు. నీళ్లలో పడితే టార్చికి ఏమవుతుందో చూడటానికి నేను ఇడ్లీపిండికి ఉంచుకున్న గిన్నెలో నానబెట్టారు. టార్చికి ఏమీ కాలేదు, ఇడ్లీలకే ఏదో అయింది. డాబా మీది నుంచి కింద పడేశారు. పడింది, వెలిగింది, పూలకుండీ పగిలింది. "దెబ్బను తట్టుకునే శక్తి అద్భుతం" అని రాసుకున్నారు. కుండీ శక్తి గురించి ఏమీ రాయలేదు. మీట రెండుసార్లు నొక్కితే వెలుగు టపటపా కొట్టుకుంటుంది. శత్రువు కళ్లు చెదరడానికట. గోడ మీది బల్లి దబ్బున కింద పడింది. అది మాకు శత్రువేమీ కాదు, చాలాకాలంగా మాతోనే ఉంటోంది.

రెండో దశ దూరం. పొద్దుగూకాక కమిటీ మొత్తం మా డాబా ఎక్కి, పైన దర్గా ఉన్న మౌలాలి గుట్ట వైపు వెలుగు కొట్టింది. ఉల్లిగడ్డ పకోడీ పట్టుకుని నేనూ ఎక్కాను.

"దర్గా మెట్లు కనవడ్తున్నయ్," అన్నాడు దుర్గేష్.

మౌలాలి గుట్ట మా డాబా నుంచి మూడొందల మీటర్లలో లేదు. మూడువేలలో కూడా లేదు. నాకు కనిపించింది ఎదురింటి నీళ్లట్యాంకు.

"మీకు కనవడ్తున్నయా సార్?"

చిదంబరం గారు కంటి ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వస్తున్న మనిషి. "మెట్లు బాగానే కనిపిస్తున్నాయి. మనుషులే స్పష్టంగా లేరు," అన్నారు.

ఆ ట్యాంకు పక్కన ఆరేసిన బట్టలు తీస్తున్న ఆ ఇంటావిడ పద్మశ్రీ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవలయ్యా అది, కండ్లల్ల కొడ్తున్నరు," అని అరిచింది. మా ఆయన అది కూడా వదలలేదు. "లక్ష్యం గుర్తించబడినట్లు లక్ష్యమే ధ్రువీకరించినది" అని రాశారు. ఆయన తెలుగు అంత బాగుంటుందని నాకు అంతవరకూ తెలియదు.

తర్వాత వయోవృద్ధుల వినియోగం. అత్తమ్మ చేతికి టార్చి ఇచ్చి గేటు బయట నిలబెట్టారు. ఆమె చాలా ఆశగా మీట నొక్కింది.

"సక్కుబాయి ఇంటి తలుపు గొళ్లెం మంచిగ కనవడ్తుంది బిడ్డా," అంది. తల దించి చూసి, "నా కాళ్లే కనవడ్తలెవ్వు," అంది.

"అమ్మా, గిది లాంగ్ రేంజ్. దగ్గరికి పనిచెయ్యది."

"నేను నడిచేది దగ్గర్నే గదా."

"నువ్వు జర దూరం ఆలోచించాలె," అన్నారు మా ఆయన. వయోవృద్ధులు సంతృప్తి వ్యక్తం చేశారని రాశారు. సంతృప్తి వ్యక్తం చేసిన వయోవృద్ధురాలు వచ్చి నా వంటింట్లో కూర్చుని, పోపులో జీలకర్ర తక్కువైందని చెప్పింది.

పాఠకులు నన్ను సోమరిపోతు అనుకోకూడదు. ఈ మహత్కార్యం నడుస్తుండగానే నేను రోజూ మధ్యాహ్నం మున్సిపల్ ఆఫీసుకు ఫోన్ చేస్తూ వచ్చాను. రోజూ అదే మాట, అదే గొంతు. నా గొంతు భరించలేకనో ఏమో, ఒక శనివారం పొద్దున్నే నిచ్చెన బండి మా గల్లీలోకి వచ్చింది. దాని వెనక ట్రాక్టరులో బండ. కొత్తదే, నా కళ్లతో చూశాను. అత్తమ్మ అప్పటికప్పుడు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టి, కొత్త చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టుకుంది. సాయంత్రం కావడానికి ఇంకా పూటంతా ఉంది.

నిచ్చెన సగం లేచిందో లేదో, దుర్గేష్ బండి మీద వచ్చి అడ్డం తిరిగాడు.

"ఆపుండ్రి. రేపే ఔట్‌డోర్ ట్రయల్. మీరిప్పుడు లైటు పెడితే మేం చీకటి ఏడికెళ్లి తేవాలె?"

"మాకు ఆర్డరున్నది సార్," అన్నాడు నిచ్చెన మీది మనిషి.

"మాకు కమిటీ ఉన్నది."

అందరూ కన్వీనరు వైపు చూశారు. నేనూ చూశాను. అత్తమ్మ కూడా గేటు పట్టుకుని చూసింది. కన్నతల్లి కదా, కొంచెం ఎక్కువ నమ్మకంగానే చూసింది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "టెస్ట్ కండిషన్స్ మారొద్దు. స్తంభం లైటు వెలిగితే రిజల్ట్ తప్పొస్తది. కాలువ మూస్తే ఇగ టార్చి దేన్ని చూపియ్యాలె? హజార్డ్ ఉండాలె."

"ఉండాలి," అన్నారు చిదంబరం గారు వాళ్ల బాల్కనీ నుంచి.

నిచ్చెన బండి బల్బుతో సహా వెళ్లిపోయింది. బండను మా ప్రహరీకి ఆనించి పోయారు, ట్రయల్ అయ్యాక వేద్దామని. అత్తమ్మ చెప్పులు లోపలికి తెచ్చుకుంది.

"సిన్నప్పుడు ఈనికి సీకటంటే మస్తు భయముండె," అంది నాతో. "ఇప్పుడు కాపాడుకుంటుండు."

ట్రయల్ సాయంత్రం ఏడింటికి పెట్టుకున్నారు. కానీ పేపరు ఫొటోగ్రాఫరు ఒప్పుకోలేదు. చీకట్లో గండయ్యన్న ముఖం రాదన్నాడు. ఫ్లాష్ వేస్తే టార్చి వెలుగు రాదన్నాడు. రెండిట్లో ముఖమే ముఖ్యమని కమిటీ ఏకగ్రీవంగా తేల్చి, ట్రయల్‌ను పొద్దున పదకొండింటికి మార్చింది.

మే నెల. తారు మెత్తబడే ఎండ. గండయ్య గారు తెల్లటి బట్టల్లో దిగి, టార్చి పట్టుకుని మీట నొక్కారు.

"వెలిగిందా?"

"వెలిగిందన్నా," అన్నాడు దుర్గేష్.

"నాకైతే కనవడ్తలేదు."

"ఎండ ఎక్కువున్నదన్నా. దయాకర్ సార్ చెప్పాలె."

మా ఆయన వంగి, తువ్వాలు కప్పుకుని, టార్చిని ఆ తువ్వాలు కిందికి తీసుకుని చూశారు. బయటికి వచ్చి, "వెలిగింది," అని ధ్రువీకరించారు. చప్పట్లు మోగాయి. ఈసారి జనరేటరు లేదు కాబట్టి బాగా వినపడ్డాయి.

"అన్నా, లైటు జర మీదికి పట్టుండ్రి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "దూరం సూడుండ్రి. ఇంకా దూరం. ఒక్కడుగు ఎనక్కి."

గండయ్య గారు దూరం చూశారు. ఒక అడుగు వెనక్కి వేశారు. రెండో అడుగు ఎవరూ అడగలేదు, ఆయనే వేశారు.

కాలువలో నడుము లోతు ఉంది. అంత జరిగినా ఆయన చేతిలోని టార్చి ఆరలేదు. కాలువ లోపల చీకటిగా ఉండటం వల్ల, దాని వెలుగు ఎంత చక్కగా ఉందో మాకందరికీ అప్పుడే మొదటిసారి కనిపించింది. "వర్కింగ్," అని మా ఆయన రాసుకున్నారు. రాసుకున్నాక చెయ్యి అందించారు.

పేపర్లో పడకముందు తీసిన ఫొటో వేశారు. "చీకటిపై గండయ్య సమరం" అని కింద రాశారు. ఆయన కాలికి పిండికట్టు పడింది.

ఆయన పడిన రోజే దుర్గేష్ మలుపు చుట్టూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎర్రటి రిబ్బను కట్టించాడు. నాయకుడి మీద కుట్ర ఏమైనా ఉందేమోనని విచారణ. అది పూర్తయ్యేదాకా కాలువను ఎవరూ ముట్టుకోకూడదు, బండ కూడా సాక్ష్యమే, మనుషులు పక్క గల్లీ నుంచి మెయిన్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోవాలి. విచారణ కమిటీకి కన్వీనరు ఎవరో పాఠకులు ఊహించగలరు. ఆ మెయిన్ రోడ్డు మీద లారీలు పోతాయి. ఇక మ్యాచ్ ఉన్న రోజు కూడా అత్తమ్మకు దారి లేదు. ఆమె పేపరు తేవడం మానేసింది. నా వంటకు వంకలు పెట్టడం కూడా మానేసింది. వంకలు పెట్టిన రోజులే నయమనిపించింది నాకు.

మూడో రోజు బత్తాయిలు పట్టుకుని గండయ్య గారి పరామర్శకు బయల్దేరాం. "నేనూ వస్త," అంది అత్తమ్మ. "నేనే అడుగుత."

గండయ్య గారు కట్టుకాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నారు. చుట్టూ కార్యకర్తలు. మా ఆయన విచారణ ఎంతవరకు వచ్చిందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"ఇగ రిపోర్టు వద్దు దయాకర్. కుట్ర లేదు, ఏం లేదు. పండుకోని మంచిగ ఆలోచించిన. తప్పు నాదే."

దుర్గేష్ రెండు ఫోన్లూ జేబులో పెట్టేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట ఎవరూ వినలేదు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. అత్తమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని గండయ్య గారి చెయ్యి పట్టుకుంది.

"గంత మాట అన్నవు, సాలు కొడుకా. మరి బండ రేపు ఏపిస్తవా, ఎల్లుండి ఏపిస్తవా? లైటుది తర్వాతైనా సరే."

"బండనా?" గండయ్య గారు దుర్గేష్ వైపు చూశారు. దుర్గేష్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కిటికీ వైపు చూశారు.

"ఏ బండ పెద్దమ్మా? నేను టార్చి సంగతి చెప్తున్న." ఆయన మోచేతుల మీద లేచి, అందరికీ వినపడేటట్టు చెప్పారు. "మనం తెచ్చింది రాత్రి లైటు. నేను పడ్డది పగలు. పగటి లైటు తెప్పియ్యకపోవుడు నా తప్పే. ఒప్పుకుంటున్న."