చిపా కింది గడి

సోమవారం పొద్దున సార్జెంట్ ఫెర్మిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా ప్రత్యేక దళాల కమాండ్ కొత్త చార్టు గీసి కర్నల్ ఒవెలార్ బల్ల మీద పెట్టెయ్యాలి, తరువాత నీడలో కూర్చుని చల్లటి తెరెరే టీ తాగాలి. చార్టులో పై గడి కమాండర్‌ది, కింది గడులు బెటాలియన్లవీ శాఖలవీ. ఫెర్మిన్ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు. బుర్ర గురించి మాత్రం ఎవరూ అంత మాట అనలేదు.

అప్పుడే పారాచూట్లు మడిచే శాఖ పెద్ద, ముసలి సార్జెంట్ కాండిదో వచ్చాడు. క్షేమంగా నేలకు దిగిన ప్రతివాడూ పారాచూటు మడిచినవాడికి ఒక చిపా ఇవ్వడం అక్కడి ఆచారం. ముప్పై ఏళ్ళుగా ఆ జున్ను రొట్టెలు తిని తిని ఆయనకు మొహం మొత్తింది.

"తినరా అబ్బాయ్, వేడిగా ఉంది. శుక్రవారం ఆఖరిసారి దూకుతున్నా. నేను మడిచిందే కట్టుకుని దూకి, అందరికీ సెల్యూట్ కొట్టి ఇంటికి పోతా. చూడ్డానికి రావాలి నువ్వు."

"రాకుండా ఉంటానా బాబాయ్!"

ఫెర్మిన్ చిపాను చిత్తుప్రతి మీద పెట్టాడు. అది సరిగ్గా కాండిదో శాఖ గడి మీద కూర్చుంది. కనబడిన గడులన్నీ చార్టులోకి ముత్యాల్లా దించేశాడు. పదకొండింటికి చిపా తీసి కొరికాక, నూనె మరకలోంచి ఆ గడి బయటపడింది. అప్పటికే చార్టు మీద కమాండర్ అయిన జనరల్ ముద్ర పడిపోయింది. దాన్ని దిద్దాలంటే తప్పు ఒప్పుకుని శిక్షగా వారం రోజులు రాత్రి కాపలా కాయాలి. "రేపు చెబుదాంలే" అనుకున్నాడు. ఆ రేపటి కోసం తరువాత ఎంత ఏడ్చాడో అతనికే తెలుసు.

మంగళవారం వంటశాల, చార్టులో లేని శాఖకు భోజనం ఆపేసింది. బుధవారం ఆ శాఖ షెడ్డును బ్యాండు మేళానికి ఇచ్చేశారు. గురువారం గేటు దగ్గర జవాను కాండిదోను ఆపాడు.

"మీ శాఖ లేదు పెద్దాయనా."

"లేదా? మరి మొన్న నువ్వు దూకింది గొడుగేసుకునా?"

కాండిదో అక్కడి నుంచే కర్నల్‌కు ఫోను చేశాడు. ఒవెలార్ గొంతు తగ్గించాడు. "పైవాళ్ళు తీసేశారంటే ఏదో రహస్యం ఉంటుందయ్యా. మన దళంలో రహస్యాల సంగతి అడక్కూడదు." ఆ వెంటనే కర్నలే కాండిదో పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టి రాజధాని అసున్సియోన్‌కు పంపేశాడు.

శుక్రవారం పారాచూట్లతో దూకడం చూడ్డానికి అతిథులు వచ్చారు. విమానం సిద్ధంగా ఉంది. ముందు దూకాల్సింది కర్నలే. ఆయన చేతికొచ్చిన పారాచూటు సంచి మీద ఎప్పుడూ ఉండే కాండిదో సంతకం చీటీ లేదు.

"దీన్ని ఎవడు మడిచాడు?"

"డోలు వాయించేవాళ్ళు సార్. షెడ్డు ఇప్పుడు వాళ్ళదేగా!" అన్నాడు సంచి తెచ్చిన జవాను.

కర్నల్ సంచిని దూరంగా నెట్టాడు. "అసలు ఆ రహస్య నిర్ణయం ఎవరిదయ్యా?"

"నాది సార్," అన్నాడు ఫెర్మిన్ ఏడుపు గొంతుతో. "అంటే... చిపాది."

జీపు వెళ్ళి కాండిదోను తెచ్చింది. ఆయన నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు. రెండు పారాచూట్లు మడిచి, రెంటికీ చీటీలు కట్టాడు. కర్నల్ దూకి, క్షేమంగా దిగి, ఆచారం ప్రకారం చిపా ఇచ్చాడు. కాండిదో రెండో సంచి వీపుకు కట్టుకుని విమానం వైపు నడిచాడు.

అప్పుడు గుమాస్తా ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఎన్నడూ లేనిది, పెన్షన్ ఒక్క రోజులో మంజూరైంది. నిన్నటి నుంచి కాండిదో సైనికుడు కాడు, కనుక దూకకూడదు. కాగితం పొద్దున్నే వచ్చిందట, కర్నల్ నేలకు దిగేదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

కాండిదో సంచి విప్పి నేల మీద పెట్టాడు. చాలాసేపు ఆకాశం చూశాడు. తరువాత కర్నల్ ఇచ్చిన చిపాను విరిచి సగం ఫెర్మిన్ చేతిలో పెట్టాడు.

"తినరా. నువ్వు చూడ్డానికి వచ్చావుగా, అదే చాలు."

ఫెర్మిన్ దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం చెప్పేసి ఉంటే ఏడు రాత్రుల కాపలాతో పోయేది.

మరుసటి సోమవారం చార్టులో ఆ గడిని ముత్యాల్లాంటి అక్షరాలతో చేర్చాడు. అందులో రాయడానికి మనిషి మాత్రం లేడు.