సగం కాగితం, నిండా చెమట

ఆ ఉదయం శ్రీరంగం వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి లేవాలి. చివరిసారిగా గంటసేపు తలకు చెమట పట్టించాలి. స్నానం చేసి తొమ్మిదింటికల్లా తన కిరాణా దుకాణం ముందు నిలబడాలి. భద్రాచలం నుంచి వచ్చే బస్సు ఈ సరిహద్దు ఊరు కోంటాలో, దుకాణం ఎదురుగానే, పది నిమిషాలు ఆగుతుంది. అందులో మాడ వస్తున్నాడు!

అడవి పల్లె నుంచి సంతకొచ్చినప్పుడల్లా ఈ దుకాణం అరుగు మీద కూర్చుని పోయే మాడ, ఇరవై ఏళ్ళ కిందట ఊళ్ళు తగలబడిన గొడవల్లో పెళ్ళాం పిల్లలతో శబరి నది దాటి వెళ్ళిపోయాడు. చెప్పి పోవడానికి కూడా వీల్లేకపోయింది. ఇన్నాళ్ళకు సొంతూరికి తిరిగి పోతున్నాడు.

"నీ గుంగురు జుట్టు చూస్తే బస్సులకెల్లే గుర్తుపడత సావుకారీ" అన్నాడు నెల ముందే ఫోన్లో.

శ్రీరంగం "ఆఁ ఆఁ" అంటూనే, ఉంగరాల జుట్టు ఏనాడో రాలిపోయిన నున్నటి తల తడుముకున్నాడు. గుర్తుపట్టకముందే బస్సు కదిలిపోతే?

బట్టతలకు మందు కనిపెట్టింది ఆయన భార్య సుధామణి. ఆ సంగతి ఆవిడకే తెలియదు. ఆవిడ బడికి పోలేదు. పొట్లాల కోసం తూకానికి తెప్పించే పాత పుస్తకాల కాగితాల మీదే చదువు నేర్చుకుంది. చదవనిదే పొట్లం కట్టదు. ఆ ఫోన్ వచ్చిన రోజుల్లోనే ఒక చిరిగిన కాగితం పట్టుకొని దుకాణంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏందండీ, ఇది వినండి! ‘మనిషి చర్మంలో వెంట్రుక కుదురూ చెమట గ్రంథీ ఇరుగుపొరుగున ఉంటాయి. చంకల్లోనైతే కొన్ని గ్రంథులు చెమటను నేరుగా కుదురులోకే వదులుతాయి.’ అంటే మొక్కకి నీళ్ళు పోసినట్టేగా!"

"మిగతా సగం ఏది?"

"చిరిగి ఎటో పోయింది. ఇది చాలదా?"

"నీ చదువు తగలెయ్య, పొట్లం కట్టు" అన్నాడు శ్రీరంగం. ఆ మర్నాటి నుంచే రోజూ గోదాములో ఎండుమిరప బస్తాల మధ్య, తలకు ప్లాస్టిక్ కవరు చుట్టి, దానిపైన మంకీ టోపీ బిగించి కూర్చోవడం మొదలుపెట్టాడు. అసలే మే నెల.

చివరి రోజు కదా అని ఆ ఉదయం రెండు కవర్లు చుట్టాడు. లెక్క గంటే అయినా ఆశ కొద్దీ లేవలేదు. తొమ్మిది కావస్తుండగా చింతపండు కోసం గోదాము తలుపు తీసిన సుధామణికి, చొక్కా తడిసి ముద్దయి, కళ్ళు ఎర్రబడి, మిరప ఘాటుకు ఎగశ్వాస పీలుస్తున్న మొగుడు కనిపించాడు. కారణం లేకుండా చెమటలు పోస్తే గుండెపోటని ఆవిడ మొన్ననే ఆవాల పొట్లం మీద చదివింది.

"ఉమామహేశా! మీ బాబాయి నన్నొదిలి పోతున్నాడురా!"

పక్కనే మందుల దుకాణం నడిపే ఉమామహేశ్ ఒక్క గెంతులో వచ్చాడు.

"నాకేం కాలేదురా!" అన్నాడు శ్రీరంగం.

"మరి ఈ చెమటలేంది బాబాయ్?"

"ఎండాకాలం కదా."

"టోపీ ఎందుకు?"

శ్రీరంగం టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "చలి."

"పిన్నీ, మాట తేడా కొడుతోంది" అని ఉమామహేశ్ 108కి ఫోన్ కొట్టాడు.

అంబులెన్సు వచ్చి రోడ్డుకు అడ్డంగా ఆగింది. అందులోంచి ధీరజ్ అనే జగదల్‌పూర్ కుర్రవాడు దిగి, శ్రీరంగాన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, "టోపీ ఉతారియే అంకుల్" అంటూ టోపీ తీయబోయాడు. శ్రీరంగం రెండు చేతులా టోపీ పట్టుకున్నాడు.

"నహీ! ప్రాణం పోయినా నహీ!"

"తెలివి తప్పుతున్నాడు పిన్నీ!" అన్నాడు ఉమామహేశ్. సుధామణి ఏడుపు అందుకుంది.

సరిగ్గా అప్పుడే హారన్ మోగింది. భద్రాచలం బస్సు! అంబులెన్సు అడ్డం ఉండటంతో ముందుకు కదల్లేక ఆగిపోయింది. జనం బిలబిలా దిగారు. వాళ్ళలో చంకన మూట, చేతిలో గొడుగుతో ఒక ముసలాయన స్ట్రెచర్ దగ్గరికి వచ్చి శ్రీరంగాన్నే అడిగాడు.

"అయ్యా, గుంగురు జుట్టు సావుకారి దుకాణం యాడ?"

శ్రీరంగం టోపీ వదిలేసి లేవబోయాడు. అదే అదనుగా ధీరజ్ టోపీ లాగేశాడు. కవర్లలో చిక్కిన చెమట జలజలా కారింది. మాడ ఆ బోడితలను జాలిగా చూసి బస్సు వైపు తిరిగాడు.

"మాడా!" శ్రీరంగం స్ట్రెచర్ మీంచి దూకి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మాడ ఆగిపోయాడు. ముఖం కేసి కాదు, చేతి కేసి చూశాడు. బొటనవేలితో ఆ అరచేతిని రుద్దాడు.

"ఈ తడి... సావుకారీ! నీ చేత్తో ఉప్పు పెడితే ఇల్లు చేరేసరికి సగం కరిగేది కదనే!"

ఇద్దరూ వాటేసుకున్నారు. ధీరజ్ నాడి చూసి, బీపీ చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చూసి, కాగితాలు నింపి బండి తీసేసరికి పది నిమిషాల బస్సు నలభై నిమిషాలు ఆగింది. ఆ నలభై నిమిషాలూ మాడ తన పాత అరుగు మీదే కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు అతనికి బెల్లం కట్టివ్వబోతూ సుధామణి కాగితం చూసి కెవ్వుమంది.

"ఏమండీ! ఆ రెండో సగం! ‘అయితే అరచేతుల్లో, అరికాళ్ళలో చెమట గ్రంథులు ఒంటి మొత్తంలోకీ ఒత్తుగా ఉంటాయి. అక్కడ వెంట్రుక మాత్రం ఒక్కటీ మొలవదు.’"

"ఇది ముందే దొరికి చావలేదేందే? నెల రోజులు ఉడికి చచ్చాను!"

"దొరికితే ఇవాళ బస్సు నలభై నిమిషాలు ఆగేదా?"

శ్రీరంగం టోపీ పిండి దండెం మీద ఆరేశాడు.