కొంగల లెక్కలో ప్రేమమ్మ

మనిషిగా పుట్టి ఏం బావుకున్నారయ్యా మీరంతా? సర్కారు కంట పడాలంటే కొంగగా పుట్టాలి! నమ్మరా? అమరావతి ఎగువన, ఏటి నడిమి లంకలో కాపురముండే ప్రేమమ్మని అడగండి.

ఎనభై ఒకటిలో జనాభా లెక్కల సారొచ్చాడు. మాఘమాసం. లంక జనం నలభై ముగ్గురూ వినుకొండ వైపు మిరపకోతకి పోయారు. ఆయన మూసిన తడికలు చూసి ‘నివాసులు లేరు’ అని రాసుకుపోయాడు. ఎంత మేలు! లేని మనుషులకి రేషన్ కార్డెందుకు? ఏరు దాటటానికి పడవెందుకు? ప్రేమమ్మ మూడేళ్లు అర్జీలు పెట్టింది. లేనివాళ్ల అర్జీకి జవాబుంటుందా!

ఎనభై నాలుగు వసంతంలో ఎర్రకాళ్ల కొంగలు ఎప్పట్లాగే లంకకి తిరిగొచ్చాయి. మట్టల ఆదివారానికి కోత ముగించుకుని జనమూ తిరిగొచ్చారు. కొంగల్ని లెక్కపెట్టే అటవీశాఖ ఆఫీసరు తెల్లారగట్ల అవతలి గట్టున నిలబడి, బైనాక్యులర్స్ పెట్టి లెక్కేశాడు. మూడొందలుంటే కాపలాకి పడవ ఇవ్వాలని రూలు. మూడొందల ఐదు తేలాయి! వారంలో పడవొచ్చింది.

అదే పడవలో ఆఫీసరూ లంకలో దిగాడు. దిగి నోరు తెరిచాడు.

బస్తాల్లో మిరపకాయలు తొక్కొచ్చిన కాళ్లు నెల్లాళ్లు భగభగ మండుతాయి. పొద్దున్నే తెల్లగుడ్డ కప్పుకుని, ఏటి అంచున ఒక్కో కాలే నీళ్లలో ముంచి లేపుకోవడం లంక జనం అలవాటు. ఎర్రటి కాళ్లు, తెల్లటి ఒళ్లు! అవతలి గట్టు నుంచి చూస్తే అచ్చం కొంగలే!

“నలభై మూడు కొట్టెయ్యాలి!” అని ఆఫీసరు పుస్తకం తెరిచాడు.

“కొట్టెయ్యబాకండి సారూ! పడవ పోద్ది. మా పిల్ల సంతోషకుమారికి నెలలు నిండినియ్యి, కాన్పుకి ఏరు దాటాల” అంది ప్రేమమ్మ.

“మీరు పక్షులు కాదు కదమ్మా!”

“మనుషులమనీ రాయలేదు గదయ్యా! ఇక్కడ కొట్టేస్తే ఎక్కడ రాస్తారు?”

ఆఫీసరు బుర్ర గోక్కున్నాడు. “జనాభా లెక్కలు మళ్లీ తొంభై ఒకటిలోనే.”

“అయితే అందాకా కొంగలమే!” అని ప్రేమమ్మ ఒంటికాలి మీద నిలబడింది. పక్కన మొగుడు యేసుపాదం నిలబడ్డాడు. నిండుచూలాలు సంతోషకుమారి తండ్రి భుజం పట్టుకుని కాలెత్తింది. నలభై మూడు కాళ్లు లేచాయి!

ఆఫీసరు పుస్తకం మూసేశాడు. చూశారా, కొంగ బతుకులో ఎంత భద్రతో!

పడవెక్కబోతున్న ఆయన్ని ప్రేమమ్మ ఆపింది.

“తొంభై ఒకటిలో మమ్మల్ని రాసే సారుకి చెప్పండయ్యా, మాఘంలో రావొద్దని. కొంగలు ఇంటికాడ ఎప్పుడుంటాయో కనుక్కునే గదా తమరొచ్చింది?”