చంటి కోసం తనిఖీ

ఆ గురువారం పొద్దున ప్రసాదరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు కుక్కలను పగటిపూట చూసుకునే చోటును పరీక్షించాలి, బాగుంటే చంటిని అక్కడ వదలాలి, తొమ్మిదికల్లా డ్యూటీకి చేరాలి. ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తన ముందుకొచ్చిన ప్రతి వస్తువు మీదా ఓకే, సరిచేసి తెమ్మనే రీవర్క్, రిజెక్ట్ అనే మూడు మాటల్లో ఒకటి రాస్తూ బతుకుతున్నాడు.

చంటి ఆయన భార్య వెంకటలక్ష్మి పెంచిన కుక్క. ఆవిడ పోయి రెండు నెలలైంది. అది రోజంతా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. నాలుగు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. "రేపట్నుంచి ఈ ఏడుపు ఇనబడితే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి సార్" అని ఇంటి యజమాని తేల్చేశాడు. జహీరాబాద్‌లో విచారిస్తే మూడు చోట్లు తేలాయి. మురుగుకాలువ వాలు చాలదని ఒకదాన్నీ, మంటలార్పే సిలిండరు గడువు దాటిందని ఇంకోదాన్నీ ప్రసాదరావు రిజెక్ట్ చేశాడు. మిగిలింది మొగుడంపల్లి దారిలో భాగీరథి షెడ్డు. అదీ కాదంటే చంటిని ఎవరికో ఇచ్చేయాలి. ఆసుపత్రి మంచం మీద వెంకటలక్ష్మి చివరగా అడిగింది మాత్రం దాన్ని ఎవరికీ ఇవ్వొద్దనే.

చంటిని గేటుకు కట్టి, తన మెడలో ఫ్యాక్టరీ ట్యాగు, చేతిలో ప్యాడు, కొలత టేపు, టార్చితో ఆయన లోపలికి నడిచాడు.

భాగీరథి పాత అల్లం షెడ్డులో ఏడు కుక్కలను చూసుకుంటోంది. ఫిర్యాదు చేస్తామని పక్క చేనువాళ్ళు వారం నుంచి బెదిరిస్తున్నారు. ట్యాగూ టేపూ కనబడగానే ఎవరో ఆఫీసరు తనిఖీకొచ్చాడని ఆమె అనుకుంది. షెడ్డు వెనక ఉన్న తమ్ముడు గురులింగప్పకు ఫోను చేసి కన్నడంలో గబగబా నాలుగు మాటలు చెప్పింది.

"నమస్కారమండి. కుక్కలు ఎన్ని ఉన్నాయి?" అన్నాడు ప్రసాదరావు.

"కుక్కలా? మా తాన కుక్కలెక్కడియి సార్? అల్లం షెడ్డు గిది."

"మరి వెనక ఆ అరుపులేమిటమ్మా?"

"అడివి పందులు రాకుంట పక్క చేన్ల మైకు పెట్టిన్రు సార్. రికార్డు."

'కుక్కలు: లేవు. శబ్ద కాలుష్యం: ఉంది' అని ఆయన రాసుకున్నాడు.

"నేల మీద ఈ ఏడు గిన్నెలు?"

"మేం ఏడుగురం సార్."

"కింద పెట్టుకుని తింటారా?"

"తింటం సార్. రాసుకోండ్రి."

ఆయన రాసుకున్నాడు. ఈలోగా గురులింగప్ప ఏడు కుక్కలనూ చెరుకుతోటలోకి తోలాడు. ఇంకేమైనా మిగిలాయా అని ముందుకొచ్చి చూస్తే గేటు దగ్గర ఇంకొకటి కనిపించింది. అదీ తమదే అనుకుని విప్పుకుపోయాడు.

ప్రసాదరావు బరువుగా 'రిజెక్ట్' అని రాసి బయటికొచ్చాడు. గేటుకు కట్టిన తాడు లేదు, చంటి లేదు.

"నా కుక్క ఏదమ్మా?"

"ఏ కుక్క సార్?"

"ఇక్కడే కట్టాను!"

"పొద్దుగాల్నుంచి ఈడికి కుక్కనే రాలే సార్. దేవుని మీద ఒట్టు."

ఆయన చేతిలోంచి ప్యాడు జారిపడింది. "వచ్చిందమ్మా! అది మా ఆవిడ కుక్క. ఆవిడ లేదు, అదొక్కటే ఉంది" అంటూ గేటు పట్టుకుని ఏడ్చేశాడు. భార్య పోయిన రోజున ఆసుపత్రి కాగితాలు తేదీల వారీగా సర్దిన మనిషి ఆయన. ఇన్నాళ్ళకు ఏడుపొచ్చింది, అదీ ముక్కూమొహం తెలియని మనిషి ముందు.

భాగీరథి కింద పడిన ప్యాడు తీసి ఆయన చేతికిచ్చింది. "నువ్వు ఆఫీసర్‌వి కాదా?"

"కాదమ్మా. కుక్కను వదలడానికొచ్చాను."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా!" అంటూ ఆమె ఆయనను చెరుకుతోటకు పరుగున తీసుకెళ్ళింది.

గట్టు మీద గురులింగప్ప జొన్నరొట్టె పాలల్లో నలిపి కుక్కలకు పెడుతున్నాడు. "ఎనిమిదెట్లయినయో సమజైతలేదక్కా" అన్నాడు. ఆ ఎనిమిదోది తల ఎత్తకుండా తింటోంది.

ప్రసాదరావు కళ్ళు తుడుచుకుని, 'రిజెక్ట్' కొట్టేసి 'ఓకే' అని రాశాడు. "ఇక్కడే వదులుతానమ్మా."

"జర ఆగు తమ్మీ. నీ తనిఖీ అయింది. నాది కాలే. మాపటికి దాని తాన ఎవరు కూసుంటరు?"

"నేను రిపోర్టులు రాసుకుంటానమ్మా."

"దానితోని ఎప్పుడన్న మాట్లాడినవా?"

"వెంకటలక్ష్మి మాట్లాడేది."

"పోనీ, నువ్వేం తింటున్నవ్?"

"ఫ్యాక్టరీలో టీ తాగుతానమ్మా."

"నువ్వు తినని ఇంట్ల అదెట్ల తింటది?" అంది భాగీరథి. "పగటికి నేను చూస్త, ఫికర్ లేదు. రాత్రిది నీ పని. నీ కాయితం మీద ఏమేం మాటలు రాస్తవో సదువు."

ఆయన మూడూ చదివాడు.

"నాకు రాయరాదు. నీకేది రాయాల్నో నువ్వే రాసుకో."

గురులింగప్ప ఓ రొట్టె ముక్క చేతిలో పెడితే ప్రసాదరావు కాదనకుండా తిన్నాడు. తర్వాత కొత్త కాగితం తీసి తన పేరు రాసి, దాని ఎదురుగా 'రీవర్క్' అని రాశాడు.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన రాసిన రిపోర్టుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పనిది అదొక్కటే.