నంబరమ్మ ఇంగ్లీషు చీటీలు

ఆ గురువారం రోగులు వచ్చేలోగా "టేక్" అనే ఇంగ్లీషు మాట సంగతి తేల్చేయాలని నిశ్చయించుకుని, పళ్ళ డాక్టరుగారి రిసెప్షన్ ఆవిడ ఎనిమిదిన్నరకే క్లినిక్కు తాళం తీసింది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కూర్చుని నంబర్లు పిలుస్తోంది కాబట్టి అందరూ ఆవిణ్ణి నంబరమ్మ అంటారు. అసలు పేరు ఆవిడకే అప్పుడప్పుడూ గుర్తొస్తుంటుంది.

ముంచుకొచ్చిన ఆపద ఏమిటంటే, డాక్టరుగారు నెలాఖరుకి క్లినిక్కు మూసేసి పెద్దాసుపత్రిలో చేరబోతున్నారు. నంబరమ్మని కూడా తీసుకోవాలా వద్దా అన్నది ఆ ఆసుపత్రి మేనేజరు తేలుస్తాడు. ఇవాళ పదకొండింటికి వచ్చి ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడిస్తాడట. "అక్కడ గోడలు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడతాయమ్మా. నీ వల్ల కాదులే," అని డాక్టరుగారు వారం రోజులుగా ధైర్యం చెబుతున్నారు. ఇది పోతే ఆవిడకి ఇంకో ఉద్యోగం దొరకదు. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కుర్చీ వేసేవాళ్ళెవరు? ఆ బెంగతో వారంగా ఆవిడకి అన్నం సహించడం లేదు.

ఇంగ్లీషు బొత్తిగా రాదని కాదు. వచ్చిన చిక్కల్లా "టేక్"తోనే. ఒంటరిగా ఉన్నంతసేపూ "తీసుకో" అని బుద్ధిగా ఉంటుంది. పక్కన "ఆఫ్" చేరితే విప్పడం, "ఔట్" చేరితే బయటికి తీయడం, "ఓవర్" చేరితే బాధ్యత అందుకోవడం. పక్కన చేరినవాళ్ళని బట్టి ఇలా బుద్ధి మారిపోయే మాటని నమ్మేదెలా అని నంబరమ్మ వాపోయింది. కాలేజీలో చదివే కూతురు ఉపాయం చెప్పింది. "బట్టీ పడితే రావమ్మా. ఏ పని ఎక్కడ చేస్తావో ఆ మాట అక్కడ అంటించుకో. చూడగా చూడగా అదే వచ్చేస్తుంది."

అలా డాక్టరుగారి తెల్లకోటు తగిలించే కొక్కెం మీద "టేక్ ఆఫ్", ఫైళ్ళ బీరువా మీద "టేక్ ఔట్", రోజూ తను డ్యూటీ అందుకునే కుర్చీ వీపు మీద "టేక్ ఓవర్" వెలిశాయి. ఎర్ర స్కెచ్ పెన్నుతో, అరచేయంత అక్షరాలు. పదింటికి రోగులు రాకముందే పీకేద్దామనుకుంది. ఇంతలో డాక్టరుగారు పక్కింటాయన్ని వెంటబెట్టుకుని ఊడిపడ్డారు. ఆయన జ్ఞానదంతం మొండికేసిందనీ, దీపం పట్టుకోవాలనీ నంబరమ్మని లోపలికి లాక్కుపోయి తలుపు మూశారు. ఆ పన్ను గంటకి పైగా సతాయించింది.

గురువారం కట్టుడు పళ్ళవాళ్ళ రోజు. వదులైనవి బిగించుకోడానికీ, బిగుసుకున్నవి వదులు చేయించుకోడానికీ ఏడుగురు వచ్చారు. అందరికన్నా ముందొచ్చింది రిటైరైన లెక్కల మాస్టారు. ఎక్కడ కాగితం కనబడినా చదివి, చదివింది పదిమంది చేత చేయించకపోతే ఆయనకి తోచదు. మొదట కుర్చీ వీపు చదివారు.

"బాధ్యత స్వీకరించమంటున్నారు," అని అందులో కూర్చున్నారు.

"ఎవర్నండీ?" అన్నాడు వెనకే వచ్చిన దర్జీ తాత.

"మొదట చదివినవాణ్ణి."

తరవాత కొక్కెం వంతు వచ్చింది. "ఇది విప్పమంటోంది," అన్నారు మాస్టారు. "ఏం విప్పాలి నాయనా?" అని ఓ బామ్మ చీర కొంగు గట్టిగా పట్టుకుంది. మాస్టారు చెప్పులూ కళ్ళజోళ్ళూ చాలునని తీర్పిచ్చారు. ఏడు కళ్ళజోళ్ళు కిటికీ గట్టు మీదికి చేరాయి. బీరువా దగ్గర మాత్రం కాస్త చర్చ జరిగింది.

"బయటికి తీయమంటే ఏం తీయాలి మాస్టారూ?"

"పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు కాక పెన్సిళ్ళు తీస్తామా?"

బీరువా పక్కన స్టీలు పళ్ళెం ఉంది. ఏడుగురూ వరసలో నిలబడి ఎవరివి వాళ్ళు అందులో వేశారు. ఆఖర్న మాస్టారు తనవి కూడా వేసి, అన్నీ సమంగా సర్దుకోవాలని పళ్ళేన్ని చేట చెరిగినట్టు చెరిగారు.

పదకొండుకి పది నిమిషాలుండగా మేనేజరు వచ్చాడు. అరవై దాటిన మనిషి, నలగని చొక్కా, మెరిసే పలువరస. రిసెప్షన్ కుర్చీలో మాస్టారు కనబడగానే, పరీక్ష ఇవ్వాల్సింది మీరేనా అని ఇంగ్లీషులో అడిగాడు. మాస్టారూ ఇంగ్లీషులోనే జవాబిచ్చారు. అది ఇంగ్లీషని ఆయనకొక్కరికే తెలుసు.

"ఏమన్నారీయన?" అని మేనేజరు బామ్మ వైపు తిరిగాడు.

"హా పల్లు ఏవి హాయహా?" అంది బామ్మ.

ఈలోగా దర్జీ తాత ఓపిక నశించి, పళ్ళెంలో చేతికందినవి నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవి పట్టలేదు, తీయబోతే రాలేదు. ఆయన పెట్టిన కేకకి లోపలి తలుపు తెరుచుకుంది.

నంబరమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. పళ్ళెం నిండా పళ్ళు, గట్టు నిండా కళ్ళజోళ్ళు, తన కుర్చీలో మాస్టారు, మధ్యలో గడియారం చూసుకుంటున్న మేనేజరు. తన చీటీలే తన కొంప ముంచాయని అర్థమైంది.

"నీ నిర్వాకమేనా ఇదంతా?" అన్నారు డాక్టరుగారు. విసురుగా వెళ్ళి పళ్ళెంలోంచి ఒక పలువరస తీసి అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. "అన్నీ నేను కట్టినవే. కానీ... ఇవెవరివి?"

ఏడుగురూ ఒక్కసారిగా జవాబు చెప్పారు. డాక్టరుగారికి గానీ మేనేజరుకి గానీ అందులో ఒక్క ముక్క అంతుపట్టలేదు. నంబరమ్మకి మాత్రం కొత్తేముంది? ఇరవై రెండేళ్ళుగా పళ్ళు లోపల బాగవుతుంటే, బయట బోసినోళ్ళతో కబుర్లు చెప్పింది ఆవిడే. ఏడవడానికి తరవాత బోలెడు టైముందనుకుని ముందుకొచ్చింది.

"బామ్మగారు తన పళ్ళేవని అడుగుతున్నారండీ. మరీ తెల్లగా వద్దు, వయసుకి తగ్గట్టుండాలని మీతో పోట్లాడి కట్టించుకున్నారు. ఆ పచ్చగా ఉన్నవి ఇవ్వండి. తాతగారికి కుడి దవడ గుచ్చుకుంటోందట, అవి ఆయనవి కావు. ఆయన పంటితో దారం తెంపుతారు, ముందు పంటికి గాడి ఉంటుంది చూడండి. నోట్లో ఇరుక్కున్నవి మాస్టారివి."

"ఆయనేమంటున్నారు?" అన్నాడు మేనేజరు.

"తప్పు చీటీదే గానీ తనది కాదంటున్నారండీ."

పావుగంటలో పళ్ళెం ఖాళీ అయింది. ఎవరి పళ్ళు వాళ్ళ నోళ్ళలోకి వెళ్ళగానే అందరూ కలిసి మాస్టారిని స్పష్టంగా తిట్టారు.

నంబరమ్మ చీటీలు పీకి చేతిలో నలుపుకుంటూ మేనేజరు ముందు నిలబడింది. "క్షమించండి. నా ఇంగ్లీషు అంతంత మాత్రమేనండీ. నేర్చుకుందామనే ఇవి అంటించా." ఎంత ఆపుకున్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేనేజరు గోడవైపు తిరిగి, జేబురుమాలు అడ్డం పెట్టుకుని, మళ్ళీ ఇటు తిరిగాడు. మెరిసే పలువరస ఇప్పుడు రుమాల్లో ఉంది. బోసినోటితో ఏదో చాలాసేపు చెప్పాడు. వినేవాళ్ళకి గాలీ ఈలా తప్ప ఏమీ వినబడలేదు. నంబరమ్మ మొహం మాత్రం విచ్చుకుంది.

ఆయన చెప్పింది ఇది: ఇంగ్లీషు వచ్చినవాళ్ళు మా దగ్గర పన్నెండు మంది ఉన్నారు, ఈ భాష వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు, ఒకటో తారీకు నుంచి వచ్చేయండి. తను కట్టిన పళ్ళు తనే పోల్చుకోలేని డాక్టరుని తీసుకోవాలా వద్దా అన్నదే ఇంకోసారి ఆలోచించాలి.

"ఏమంటున్నారు?" అన్నారు డాక్టరుగారు ఆత్రంగా.

"ఒకటో తారీకు నుంచి నన్ను రమ్మంటున్నారండీ."

"మరి నా గురించేమన్నారు?"

"మీ గురించి ప్రత్యేకంగా ఆలోచిస్తారటండీ," అంది నంబరమ్మ.

ఏ అనువాదంలోనైనా కాస్త తరుగు తప్పదు.