ఏడూ నలభైరెండుకు ఇంట్లో ఉన్నవారు

రవాణా మంత్రిగారు ఒక ఆదివారం సాయంత్రం కాలనీ మైదానానికి దయచేసి, మైకు అందుకుని, శివారు ప్రజల కష్టాలు ఆ క్షణం నుంచే రద్దయ్యాయని ప్రకటించారు. రద్దు చేయడానికి ఆయనకు పట్టిన సమయం పదకొండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు మైకు పలకలేదు.

"పొద్దున మీకు ఒక్కటే రైలు. అందులో మీరు ఒంటికాలి మీద వెళ్తున్నారు. నాకు తెలుసు. ఆ రెండో కాలికి కూడా నేను చోటిస్తాను! రెండో రైలు వేయిస్తాను! అయితే నోటిమాటగా వెయ్యను, శాస్త్రీయంగా వేస్తాను. ముందు సర్వే!"

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి. ఆయన నగరంలో ఒక కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. అద్దంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని ఆ మనిషి, మంత్రిగారి మాటను మాత్రం కొలవకుండానే నమ్మేశాడు.

నమ్మక చేసేదేముంది? అప్పటికే రెండుసార్లు ఆ రైలు ఎక్కలేక, కిక్కిరిసిన తలుపు ముందే నిలబడిపోయి, షాపుకు ఆలస్యంగా చేరాడు. "మూడోసారి లేటైతే నీ స్టూలు మీద ఇంకొకడు కూర్చుంటాడోయ్" అని యజమాని నవ్వుతూ చెప్పాడు. ఆ యజమాని నవ్వుతూ చెప్పినవేవీ ఇంతవరకు తప్పలేదు. బస్సుల్లో వెళ్దామంటే మూడు మారాలి, చేరేసరికి పదకొండు. కాబట్టి కాలనీవాళ్లు 'ఏడూ నలభైరెండు' అని ముద్దుగా పిలుచుకునే ఆ రైలు ఆయనకు అక్షరాలా ఉద్యోగమే.

ఇక ఆ కాలనీ సంగతి. పదకొండు వందల ఇళ్లు. అన్నిటికీ చక్కటి రంగులు. ఆ రంగులేమిటో ఇంటివాళ్లకు సరిగా తెలియదు, ఎందుకంటే వాళ్లు ఇల్లు చూసేది ట్యూబులైటు వెలుతురులోనే; ఆదివారం పగలంతా కిటికీలు మూసుకుని వారం నిద్ర బాకీ తీర్చుకుంటారు. ఇరుగుపొరుగు కూడా ముఖాలకంటే మెడలతోనే పరిచయం. రైల్లో ఎదుటివాడి మెడ వెనక పుట్టుమచ్చ చూసి "ఈయన మన వీధేనా?" అనుకుంటారు. కార్యదర్శి భార్య నగరంలో పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఆమె ఆడవాళ్ల పెట్టెలో, ఆయన రెండో పెట్టెలో. ఆ దంపతులు తీరిగ్గా మాట్లాడుకునేది ప్లాట్‌ఫాం మీద ఆరు నిమిషాలు. పోట్లాడుకోవడం కూడా ఆ ఆరింటిలోనే కావాలి.

మంత్రిగారు మాట తప్పలేదు. మంగళవారమే సర్వే అధికారి తన బృందంతో వచ్చాడు, ఉదయం పదకొండింటికి. సాయంత్రం రైలు దిగి ఇళ్లకు చేరినవాళ్లకు ప్రతి తలుపు మీదా ఒక పసుపు కాగితం కనిపించింది: 'నివాసం లేదు.'

కార్యదర్శి తన తలుపు మీది కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తాళం తీయాలా వద్దా అని కాసేపు తటపటాయించాడు కూడా.

వారం తిరగకుండా నివేదిక వచ్చింది. కాలనీ మొత్తం జనాభా మూడు. ఒక బామ్మ, ఒక వాచ్‌మన్, జలుబు చేసి స్కూలు ఎగ్గొట్టిన ఒక డ్రిల్లు మాస్టారు. ముగ్గురి కోసం రైలు ఆపడం శాస్త్రీయం కాదు గనుక స్టేషన్ ఎత్తివేతను పరిశీలించవచ్చని నివేదిక వినయంగా సూచించింది. రెండో రైలు కోసం చప్పట్లు కొట్టిన కార్యదర్శికి ఉన్న రైలుకే ఎసరు వచ్చింది.

మర్నాడు భోజన విరామంలో టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా సర్వే ఆఫీసుకు పరిగెత్తాడు. అధికారి మర్యాదస్థుడు, కుర్చీ చూపించాడు.

"మేం ఉన్నామండీ" అన్నాడు కార్యదర్శి.

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ."

"నా రిపోర్టూ అదే కదండీ చెప్తోంది. అక్కడ లేరని."

"ఒక్క ఆదివారం వచ్చి చూడండి సార్."

"ఆదివారం ఆఫీసుకు సెలవు."

"పోనీ సాయంత్రం ఏడింటికి?"

అధికారి నొచ్చుకున్నాడు. "ఎలా వస్తానండీ? ఐదున్నరకు నేను రైలెక్కాలి. మీ లైనే, మీ తర్వాత రెండు స్టేషన్లు. పొద్దున ఆ ఏడూ నలభైరెండులో మీవాళ్లు ఎక్కి నన్నెంత నలిపేస్తారో మీకేం తెలుసు!"

"నలిపేది మేమేనని మీరే అంటున్నారుగా సార్!"

"అది నా స్వానుభవం. స్వానుభవాన్ని రిపోర్టులో రాయకూడదు."

కార్యదర్శి మంత్రిగారికి పద్నాలుగు అర్జీలు పెట్టాడు. మంత్రిగారి మనసు వెన్న. గురువారం మళ్లీ సర్వే చేయమని ఆదేశించారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా ఇంట్లో మనిషి కళ్లెదుట కనిపించాలి, కనిపిస్తే లెక్క, లేకపోతే లేదు. శాఖల మధ్య సమన్వయం కొరవడిందని ప్రతిపక్షం ఆడిపోసుకుంటోంది గనుక, రవాణా శాఖ చేయాల్సిన మిగతా లెక్కలన్నీ కూడా అదే రోజు ముగించేయమన్నారు. ఇంత ముందుచూపు ఉన్న నాయకుడు దొరకడం అరుదు.

కార్యదర్శి మూడు సాయంత్రాలు గడప గడపా ఎక్కి దిగాడు. "ఒక్కరోజు ఇంట్లో ఉండండి. మన ఇంట్లో మనం ఉండటానికే కదా అడుగుతున్నాను!" అని బతిమాలాడు. అందరూ ఒప్పుకున్నారు. గురువారం పొద్దున నగరంలోని ఆఫీసులకు మూకుమ్మడిగా జ్వరాల కబుర్లు అందాయి. కార్యదర్శి మాత్రం అబద్ధం ఆడలేక, ఇంట్లో ఉండటానికి సెలవు కావాలని యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. యజమాని నవ్వుతూ, "ఒక్క రోజేనోయ్" అన్నాడు.

ఆ పొద్దున ఆయన మంచం మీద నుంచే రైలు కూత విన్నాడు. రైలు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. కాళ్లు వాటంతటవే పరుగుకు లేవబోతే భార్య దుప్పటి మీద చెయ్యి వేసి ఆపింది.

తొమ్మిదింటికి ఆమె వంటింట్లోంచి కేక పెట్టింది. "ఏవండీ, ఇలా రండి! మన వంటింట్లోకి ఎండొస్తోంది!"

ఇద్దరూ గ్యాసు పొయ్యి పక్కన నిలబడి ఆ ఎండను చూశారు. ఎనిమిదేళ్లుగా అది రోజూ వస్తూనే ఉంది, చూసేవాళ్లు లేక వెళ్లిపోతోంది. ఆయనకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. గోడ లేత ఆకుపచ్చ అని ఆ రోజే తెలిసింది. తను నీలం అనుకునేవాడు.

వీధిలోకి వస్తే తిరనాళ్లలా ఉంది. ఎదురింటి గేటు దగ్గర ఒకాయన వెనక్కి తిరిగి చెట్టుకు నీళ్లు పోస్తున్నాడు. మెడ మీద పుట్టుమచ్చ.

"మీరా! మీరు మా ఎదురిల్లా?"

"ఆరేళ్లుగా మీ మోచేతి పోట్లు తింటున్నాను సార్, ముఖం ఇదే మొదటిసారి" అన్నాడాయన, ఆప్యాయంగా చెయ్యి కలిపి.

అధికారి పదింటికి కార్యదర్శి ఇంటికి వచ్చాడు. మనిషిని ఎగాదిగా చూసి, "ఉన్నారు సరే. ఇక్కడే ఉంటున్నారని ఏమిటి నమ్మకం? మీ వీధి పంపులో నీళ్లు ఎన్నింటికి వస్తాయి?" అన్నాడు.

కార్యదర్శి భార్య వైపు చూశాడు, ఆమె పంపు వైపు చూసింది. పక్కింటి బామ్మ గోడ మీదుగా, "పదకొండున్నరకు, నాయనా! వీళ్లందరి బిందెలూ పట్టిపెట్టేది నేనే. రాసుకో, వీడు నాకు తెలుసు" అంది. అధికారి రాసుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి లెక్క తేలింది. నాలుగు వేల రెండు వందల పన్నెండు మంది! ఒక్కరు తప్పలేదు. కార్యదర్శిని భుజాల మీద ఎత్తుకున్నారు. భార్య అంత గర్వంగా ఆయన వంక చూడటం పెళ్లయ్యాక అదే మొదలు. ఇక రైలు గట్టెక్కినట్టేనని ఆయన కంటనీరు పెట్టుకున్నాడు.

శనివారం పేపర్లలో మంత్రిగారి ఫొటో వచ్చింది. "ముగ్గురే ఉన్న కాలనీని పది రోజుల్లో నాలుగు వేల జనంతో నింపాను. ఇది చరిత్ర" అని ఆయన అన్నారు. అన్నది నిజమే. లెక్కలు చూస్తే ఎవరూ కాదనలేరు.

సోమవారం పొద్దున ప్లాట్‌ఫాం కిటకిటలాడింది. మెడలు కాదు, ముఖాలు పలకరించుకున్నాయి. సరిగ్గా ఏడూ నలభైరెండుకు రైలు వచ్చింది. కూత వేసింది. అదే ఊపులో వెళ్లిపోయింది.

కార్యదర్శి అధికారికి ఫోను చేశాడు.

"సార్! రైలు ఆగలేదు!"

"అవునండీ, నేను అందులోనే ఉన్నాను. ఇప్పుడే మీ స్టేషన్ దాటాం. ఇవాళ కూర్చోవడానికి చోటు దొరికిందంటే నమ్మండి!"

"మేం నాలుగు వేల మందిమి ఉన్నామని మీరే కదా రాశారు!"

"రాశాను. నిఖార్సయిన నివాసులు. గురువారమే మా రెండో బృందం మీ ప్లాట్‌ఫాం మీద కూడా కూర్చుందండీ. ఏడూ నలభైరెండు ఎక్కినవాళ్లు సున్నా. పోనీ తర్వాతైనా ఎవరన్నా వస్తారేమోనని పాపం సాయంత్రం దాకా చూశారు. ఇళ్లు వదిలి ఎక్కడికీ వెళ్లని మనుషులకు రైలెందుకని మంత్రిగారే సంతకం పెట్టారు."

"సార్, నా ఉద్యోగం పోతుంది. ఇవాళ లేటైతే నా స్టూలు... ఏదో ఒక దారి చెప్పండి సార్."

అధికారి గొంతు మెత్తబడింది. ఎంతైనా మర్యాదస్థుడు.

"అయ్యో, దారి లేకేం! అభ్యంతరాలు ఈ ఒక్కరోజే తీసుకుంటాం. నగరంలో మా ఆఫీసుకు మీరే స్వయంగా వచ్చి ఇవ్వాలి, తొమ్మిదిన్నరలోపు. కంగారు పడకండి, ఏడూ నలభైరెండు ఎక్కితే హాయిగా అందుతారు."