ఇంద్రజా క్యారేజీ విజయము

పొగ ఏదో మంచు ఏదో విడదీయ బ్రహ్మదేవునికైనా తరంగాని నవంబరు మాసమున, మిట్టమధ్యాహ్నపు శుభవేళ, కోచింగ్ కేంద్ర ఫలక సహస్ర సమాచ్ఛాదిత గగనతలమైన దేశ రాజధానిలోని ముఖర్జీ నగర్ మహాక్షేత్రమున, మూడుమార్లు సివిల్స్ ప్రిలిమ్స్ రణరంగాన దూకి మూడుమార్లూ ప్రాణాలతో తిరిగివచ్చిన వీరవనిత, అనంతపుర వంశవర్ధని ఇంద్రజ, ఎడమచేత మూడు గిన్నెల స్టీలు క్యారేజీనీ కుడిచేత డిపాజిట్ రసీదునూ ధరించి, వీరరాఘవులు గారి ఆంధ్రా మెస్సు ద్వారమును సమీపించెను. ఈ కథ వింటే పోయిన డిపాజిట్లు తిరిగొస్తాయని నేను చెప్పను గానీ, కడుపుమంట కాస్తయినా చల్లారుతుంది, వినండి.

ఆమె కోరినది సామ్రాజ్యం కాదు, క్యారేజీ మీద కట్టిన డిపాజిట్టు మూడు వందల రూపాయలు. గంటలో కరోల్ బాగ్‌లోని చవక గదికి మకాం మార్చాలి. పుస్తకాల మూటలతో ఆటోకి మూడు వందలు, పర్సులో నలభై. నాన్నకు ఫోన్ చేస్తే నిమిషంలో పంపుతాడు. కానీ "ఈ నెల ఇంక ఒక్క రూపాయి అడగను నాన్నా" అని పోయిన వారమే భీషణ ప్రతిజ్ఞ చేసి ఉంది పాపం. అది తప్పితే సిగ్గుతో చచ్చిపోతుంది.

గల్లాపెట్టె సింహాసనాధిష్ఠితుడు, సాంబారు సౌరభ పరివేష్టితుడు, నాలుగేళ్ళుగా ఏ డిపాజిట్టునూ తేలిగ్గా వదలని వీరరాఘవులు క్యారేజీ అందుకుని మూత తీశాడు. పై గిన్నెలో నాలుగు సున్నుండలు! అందులో ఒకటి రెప్పపాటులో ఆయన నోట అంతర్ధానమైంది. నములుతూనే గర్జించాడు.

"రూలు తప్పావమ్మాయ్! డిపాజిట్ పోయింది. రసీదు తిప్పి చూడు, ఏడో షరతు."

తిప్పింది. చీమకైనా కళ్ళజోడు కావలసినంత సన్నని అక్షరాలు: 'క్యారేజీ పూర్తిగా ఖాళీగా వాపసు చేయవలెను. లేనిచో డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు.'

"తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పలేదే అంకుల్!"

"చదువుకున్నదానివి, చదువుకోవద్దూ? సంతకం కూడా పెట్టావ్. పాచి సాంబారుతో తెచ్చి పడేస్తున్నారని లాయర్ని అడిగి మరీ రాయించా. అంతా లీగల్!"

అయ్యో, పరుల గిన్నె ఖాళీగా తిరిగివ్వరాదన్న అమ్మ పెంపకమే కదా ఎంత పని చేసింది! ఇంటినుంచి వచ్చిన డబ్బాలో ఆఖరి నాలుగూ తను తినకుండా ఇందులో పెట్టింది పిచ్చిపిల్ల. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణమే, మెయిన్స్ దాకా ఎన్నడూ చేరని కారణాన ఇన్నేళ్ళుగా వాడకుండా మిగిలిపోయిన నీతిశాస్త్ర నోట్సంతా ఆమె గొంతులోకి పొంగింది.

"ఓ భోజనశాలాధీశ్వరా! షరతు పుట్టింది పాచి సాంబారు మీద. నేను పెట్టింది మా అమ్మ చేసిన సున్నుండలు. అక్షరాన్ని పట్టుకుని ఆశయాన్ని మింగేస్తారా? చట్టం మీ పక్కే ఉందనుకుందాం. న్యాయం ఎవరి పక్కనుందో, ఆ నోట్లోది మింగి చెప్పండి అంకుల్!"

చెంచాలు ఆగాయి. బెంచీల మీదినుంచి ఎవడో "అచ్ఛా, అబ్ బోలియే అంకుల్!" అంటూ, ఇప్పుడు చెప్పమని హిందీలో ఎగదోశాడు. ఆయన మింగాడు.

అంతట వంటింటి తెర చీల్చుకుని, గరిటెధారిణియై, ఆయన ధర్మపత్ని సీతారత్నం ఆవిర్భవించింది.

"మన గిన్నె ఎవరైనా ఖాళీగా తెస్తే, పెంపకం తెలీదని వారం రోజులు సణిగేది మీరే కదండీ! రాసుంది సరే, మీకు సబబుగా ఉందా?"

"సబబు కాదనుకో. కానీ లీగల్‌గా..."

కాదనుకో! ఆ ఒక్క మాటకు దుర్గం కూలింది. గల్లాపెట్టె కిర్రుమంది. మూడు వందనోట్లు బల్ల మీదికి వచ్చాయి.

సీతారత్నం ఊరుకుందా? కొత్త గదిలో పొయ్యి ఎప్పుడు వెలిగేనో అంటూ అదే క్యారేజీ నిండా పులిహోర కూరి పిల్ల చేతికిచ్చింది. వీరరాఘవుల చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది.

"మూడొందలు డిపా..."

ఆవిడ చూసింది. చెయ్యి వెనక్కి వెళ్ళి బుర్ర గోక్కుంది.

"సర్లే, ఆదివారం తెచ్చివ్వమ్మాయ్." తర్వాత గొంతు తగ్గించి, "ఖాళీగా మాత్రం తేకు," అన్నాడు.

దశదిశలారా, దిక్పాలకులారా, ఈ-రిక్షాలారా, ఆలకింపుడు! సూక్ష్మాక్షర వ్యూహ విచ్ఛేదిని, త్రిశత రూప్యక విజేత్రి ఇంద్రజ, ఒళ్ళో పులిహోరతో ఆటో ఎక్కింది. ఆ రోజు అనంతపురంలో వాళ్ళ నాన్న ఫోను మోగలేదు.